అడిగి తెచ్చుకున్న బేస్ గిటార్‌కి తీగలు మార్చాల్సి వచ్చినప్పుడు

మా క్వయర్‌లో బేస్ గిటార్ (లావు తీగలతో కింది స్వరాలు పలికేది) వాయించే అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. గిటార్ అతనిదే కాబట్టి అతనితోపాటే అదీ వెళ్లిపోయింది. 2025 నవంబర్ 2, ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు (పాస్టర్) నన్ను పిలిచి "క్రిస్మస్‌కి నువ్వు వాయిస్తావా అమ్మా?" అని అడిగారు. కాలేజీ రోజుల్లో బేస్ వాయించాను, చెయ్యి పూర్తిగా పోలేదు. కానీ సొంత గిటార్ లేదు. క్రిస్మస్‌కి ముందు చేసుకునే సెమీ క్రిస్మస్ డిసెంబర్ 14న. ఆ నెలలో కొత్తది కొనేంత డబ్బు నా దగ్గర లేదు. ఎవరినైనా అడగాల్సిందే. అలా మొదలైన వ్యవహారం జనవరి 4న ముగిసింది. ఇంకొకరి బేస్ తెచ్చుకుంటే ఏం జరుగుతుందో, ముఖ్యంగా దాని తీగలు మార్చాల్సి వస్తే ఎలా మాట్లాడుకోవాలో ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు సగం టెన్షన్ తగ్గేది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా డ్రమ్మర్ వాళ్ల మేనమామ మా విశాఖపట్నంలోనే, కంచరపాలెంలో ఉంటారు. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి కచేరీలు అంటూ ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి బేస్ వాయిస్తున్న మనిషి. అందరూ మాస్టారు అంటారు. నవంబర్ 8, శనివారం సాయంత్రం డ్రమ్మర్‌ని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఇద్దరికీ తెలిసిన మనిషి పక్కన ఉంటే మంచిదని మా అమ్మ చెప్పింది. ఆ మాట నిజం. గిటార్‌కి ఏదైనా అయితే ఇద్దరి మధ్యా మాట్లాడడానికి ఒకరుండాలి.

టీ ఇచ్చారు కానీ "ఇస్తాను" అన్న మాట వెంటనే రాలేదు. గిటార్ ఎక్కడ పెడతావు? చర్చిలో వదిలేసి వస్తావా, ఇంటికి తెచ్చుకుంటావా? ఇంకెవరైనా వాయిస్తారా? ఏ ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) పెడతారు? ఒక్కొక్కటీ నెమ్మదిగా అడిగారు. మా చర్చిలో బేస్ ఆంప్ లేదు, గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ నుంచి నేరుగా మిక్సర్‌కి ఇస్తాం. అది చెప్పాక ఆయన మొహం తేలికపడింది. మామూలు గిటార్ ఆంప్‌కి బేస్ తగిలించి గట్టిగా వాయిస్తే ఆంప్ స్పీకర్ దెబ్బతింటుంది. ఆయన గిటార్ వల్ల చర్చి సామాను పాడైందన్న మాట రాకూడదని ఆయన భయం. అన్నీ విన్నాక "15న నాకు ప్రోగ్రాం ఉంది, 17న వచ్చి పట్టుకెళ్లు" అన్నారు. వారం పైనే ఆగాల్సి వచ్చింది. ప్రాక్టీస్‌లో మిగతావాళ్లు పాటలు సెట్ చేసుకుంటుంటే నేను పక్కన కూర్చుని పాటల కార్డ్స్ రాసుకున్నాను. ఆయన బతుకుతెరువు వాయిద్యం అది. ఇమ్మని తొందరపెట్టే హక్కు నాకు లేదు.

17న వెళ్లేసరికి గిటార్ తుడిచి, బ్యాగ్‌లో పెట్టి రెడీగా ఉంచారు. నా చేతికిచ్చే ముందు నా ఫోన్ తీయమని, గిటార్‌ని కిటికీ వెలుతురులో పెట్టి ముందు, వెనక, హెడ్ (పై కొస), నెక్ (పొడవాటి కాడ) వెనక భాగం ఫోటోలు తీయించారు. ఉన్న గీతలన్నీ వేలితో చూపించారు. మొదట కొంచెం మనసు చివుక్కుమంది, నన్ను నమ్మడం లేదేమో అనిపించింది. తర్వాత అర్థమైంది, ఆ ఫోటోలు ఆయనకి ఎంత రక్షణో నాకూ అంతే. అవే ఫోటోలు ఆయన ఫోన్‌కీ పంపాను. అద్దె మాట ఎత్తితే ఒప్పుకోలేదు. "అద్దెకిస్తే అద్దెకి తెచ్చినట్టు వాడతారమ్మా" అన్నారు. తిరిగి ఇచ్చే తేదీ మాత్రం గట్టిగా చెప్పారు. సంక్రాంతి ప్రోగ్రాంలు ఉన్నాయి కాబట్టి జనవరి మొదటి ఆదివారం దాటకూడదు.

ఇంకో చిన్న సంగతి చెప్పారు, నాకు తెలియనిది. అది యాక్టివ్ బేస్, లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దానికి విడిగా స్విచ్ ఉండదు. కేబుల్ జాక్‌లో పెట్టగానే బ్యాటరీ ఆన్ అవుతుంది, తీస్తేనే ఆగుతుంది. కేబుల్ తీయకుండా రాత్రంతా వదిలేస్తే, వాయించినా వాయించకపోయినా బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది. ప్రోగ్రాం మధ్యలో సౌండ్ బొంగురుపోయి ఆగిపోయేది ఇలాగే.

కంచరపాలెం నుంచి పెదవాల్తేరుకి ఆటో 180 రూపాయలు. సీటు వెనక పెట్టమని డ్రైవర్ అన్నా వినకుండా, నెక్ పైకి ఉండేలా మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకున్నాను. ఇంట్లో గిటార్‌ని బీరువా పక్కన, సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టాను. మా వీధిలో సైకిల్ చైన్ కూడా ఒక వర్షాకాలం దాటితే ఎర్రబడుతుంది. తీగల సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ తీగల దగ్గరే వచ్చింది చిక్కు. రెండు రోజులు వాయించాక, ఈ సౌండ్‌తో మా పాటలు కుదరవని తెలిసిపోయింది. అన్నిటికంటే లావు తీగ అయిన E స్ట్రింగ్ "డబ్" అని ఆగిపోతోంది, స్వరం నిలబడడం లేదు. గిటార్ కింది భాగంలో తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర E, A తీగల మీద తుప్పు చుక్కలున్నాయి. అరగంట వాయిస్తే వేళ్లు నల్లబడుతున్నాయి. మేం పాడే ఒక పాట బేస్ ఒక్కదానితోనే మొదలవుతుంది, అక్కడ ప్రతి నోటూ విడివిడిగా వినిపించాలి.

మా కీబోర్డ్ అన్నయ్య తేలిగ్గా చెప్పేశాడు. "కొత్త సెట్ కొని వేసెయ్. పాతవి తీసి కొత్తవి వేసి ఇస్తే ఎవరైనా సంతోషిస్తారు కదా!" వినడానికి బాగానే ఉంది, చాలామంది అలాగే అనుకుంటారు. నాకు మాత్రం చెయ్యి ఆడలేదు. బేస్ వాయించేవాళ్లలో కొందరు పాత తీగలని కావాలనే ఉంచుకుంటారని కాలేజీలో సీనియర్ ఒకరు చెప్పిన మాట గుర్తుంది. మాస్టారి తీగలు వాటంతటవే పాతబడిపోయాయో, ఆయనే కావాలని పాతబడనిచ్చారో నాకేం తెలుసు? నవంబర్ 21న ఫోన్ చేసి అడిగాను. "మాస్టారూ, మీరేమీ అనుకోకపోతే తీగలు మార్చుకోవచ్చా? ఖర్చు నాది." అవతల కాసేపు మాట లేదు. "ఏటమ్మా, సౌండ్ బాగోలేదా?" అన్నారు. ఆ గొంతు విని నాకు చాలా బాధేసింది. "బాగోలేదని కాదండి, మా పాటలకి..." అని నసిగాను. "ఆదివారం గిటార్ పట్టుకుని రా, చూద్దాం" అని పెట్టేశారు. ఆ రెండు రోజులూ గిటార్ తిరిగి తీసేసుకుంటారేమోనన్న భయమే.

23న సాయంత్రం ఆయన ముందు గిటార్ పెట్టాను. మాట్లాడకుండా తీసుకుని, ట్యూన్ చేసి, ఒక పాత మెలొడీ బేస్ లైన్ వాయించారు. అవే తీగలు. నా చేతిలో చచ్చినట్టున్న ఆ తీగలు ఆయన చేతిలో గుండ్రంగా, మెత్తగా పలికాయి. తబలా కింద సర్దుకుని కూర్చునే సౌండ్ అది. అప్పుడు చెప్పారు, ఆ సెట్‌ని ఇన్నేళ్లుగా మార్చకపోవడానికి కారణం అదేనని. కొత్త తీగ గణగణమంటుంది, పెళ్లి పందిట్లో పాటగాడి గొంతు మీదకి వచ్చేస్తుంది, పాతబడ్డ తీగ గొంతు కింద ఉంటుంది. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ గురించి కూడా చెప్పారు. తెగితే తప్ప ఆయన తీగలు మార్చేవాడు కాదట.

తర్వాత గిటార్ నాకిచ్చి "నీ పాట వాయించు" అన్నారు. వాయించాను. కళ్లు మూసుకుని విని, "ఆఁ, దీనికి ఇవి చాలవు. నీ పాటకి ప్రతి నోటూ విడిగా వినపడాలి. మార్చేద్దాం" అన్నారు. ఆ "మార్చేద్దాం" అన్న మాటకి నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అడగకుండా మార్చేసి ఉంటే, ఏళ్లు పట్టి వచ్చిన ఆ సౌండ్ ఒక్క సాయంత్రంలో పోయేది. ఎంత డబ్బు పెట్టినా తిరిగి తేలేను.

ఆయన పెట్టిన షరతులు నాలుగు మాటల్లో అయిపోయాయి. ఇప్పుడున్న లావుకి సరిగ్గా సరిపోయే సెట్టే కొనాలి. తన ఎదురుగా, తన ఇంట్లోనే మార్చాలి. పాత తీగలు కత్తిరించకుండా తీసి ఆయనకివ్వాలి. చివరగా, నేను ఊహించని ప్రశ్న ఒకటి అడిగారు. "తిరిగి ఇచ్చేటప్పుడు నీ కొత్త తీగలు తీసుకుపోతావా?" వద్దు మాస్టారూ, దానికే ఉంచేయండి అన్నాను. ఆయనకీ అదే నయం అనిపించింది. ఒకసారి కీకి (తీగ బిగించే మరకి) చుట్టి వంగిన తీగని విప్పి మళ్లీ చుడితే ఆ వంపు దగ్గరే తెగే ప్రమాదం ఉంది. పాతవి మళ్లీ ఎక్కించినా, కొత్తవి విప్పి నేను పట్టుకుపోయినా ఎవరో ఒకరికి నష్టమే. ఈ మాట ముందే అయిపోవడం వల్ల జనవరిలో ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది. సగం ఖర్చు ఇస్తానన్నారు, నేను ఒప్పుకోలేదు.

"ఇప్పుడున్న లావు" ఎంతో ఆయనకే గుర్తు లేదు, ప్యాకెట్ ఎప్పుడో పారేశారు. లావు మారితే నెక్ మీద లాగుడు మారుతుంది. నాలుగు తీగలూ కలిపి డెబ్బై, ఎనభై కిలోల బరువుతో నెక్‌ని లాగుతుంటాయి. లావు తీగలు వేస్తే ఇంకా ఎక్కువ లాగి నెక్ వంగుతుంది, వంపు సరిచేయడానికి లోపలున్న ట్రస్ రాడ్ అనే కడ్డీ తిప్పాల్సి వస్తుంది. ఇంకొకరి గిటార్‌కి ఆ పని పెట్టకూడదు. మా తమ్ముడు ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తాడు. 24 రాత్రి వాడి వెర్నియర్ కాలిపర్స్‌తో, గిటార్ మీద మెత్తటి గుడ్డ పరిచి, తీగలని నొక్కకుండా కొలిచాడు. సన్న తీగ 1.14 మిల్లీమీటర్లు, తర్వాత 1.66, 2.16, లావుది 2.66. ప్యాకెట్ల మీద అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటాయి. 25.4తో భాగించి వెయ్యితో హెచ్చిస్తే 45, 65, 85, 105 సెట్ అని తేలింది. అందరూ వాడే సెట్టే. వాడు పని ముగించుకుని వచ్చి, భోజనం కూడా పక్కన పెట్టి కొలిచాడు.

ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే మామూలు గిటార్ తీగలు బోలెడు ఉన్నాయి గానీ, బేస్‌కి ఒకే సెట్ ఉంది, అది 50తో మొదలవుతుంది. "ఏం తేడా రాదు మేడం" అన్నారు. తేడా వస్తుందని తెలిసి వచ్చేశాను. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను, నికెల్ పూత ఉన్న రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) సెట్, 1,790 రూపాయలు. నవంబర్ 29న ప్యాకెట్ వచ్చింది. అంకెలు సరిగ్గానే ఉన్నాయి, కానీ అట్ట మీద చిన్న అక్షరాల్లో షార్ట్ స్కేల్ అని ఉంది. నేను పెట్టింది లాంగ్ స్కేల్, వచ్చింది వేరేది. మాస్టారి గిటార్ లాంగ్ స్కేల్, నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే చోటు) నుంచి బ్రిడ్జి దాకా 34 అంగుళాలు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ కొలత అదే, ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకి అదే కొలత. షార్ట్ స్కేల్ అంటే 30 అంగుళాల గిటార్లకి. ఆ తీగ దీనికి అందదు. సీల్ తీయలేదు కాబట్టి వాపసు తీసుకుంటామన్నారు. మీరు కొంటే మాత్రం సీల్ తీయకముందే ఆ చిన్న అక్షరాలు చదవండి.

సెమీ క్రిస్మస్ రెండు వారాలే ఉంది. 30న ఇంకోచోట మళ్లీ ఆర్డర్ పెట్టాను, 1,850 అయింది. ఆ వారం అంతా ఫోన్ చూసుకోవడమే పని. తీగలు తీసి నీళ్లలో మరిగిస్తే కొత్తవాటిలా పలుకుతాయని ప్రాక్టీస్‌లో ఒకరు సలహా ఇచ్చారు. అది నిజమే, మురికి వదిలి కొద్ది రోజులు మెరుగ్గా పలుకుతాయి. కానీ అవి మాస్టారు పదిలంగా చూసుకునే తీగలు. వాయించాక పొడి గుడ్డతో తుడవడం తప్ప ఇంకేమీ చేయలేదు.

డిసెంబర్ 6న సెట్ వచ్చింది. 7న మధ్యాహ్నం కంచరపాలెం వెళ్లాను. మొదటి తీగ ఆయన మార్చి చూపించారు, మిగతా మూడూ నా చేతే మార్పించారు.

ఒక్కొక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి తీసేస్తే నెక్ మీద లాగుడు ఒక్కసారి పోతుంది. ముందు కీ తిప్పి తీగ పూర్తిగా వదులు చేశారు. బిగువుగా ఉన్నప్పుడు కత్తిరిస్తే తీగ ఎగిరి మొహానికి తగులుతుంది. కీ నుంచి విప్పి, వంగిన కొసని పట్టుకారుతో నిటారు చేసి, బ్రిడ్జి రంధ్రం లోంచి వెనక్కి లాగారు. కొస వంకరగా ఉంటే రంధ్రంలో ఇరుక్కుని బ్రిడ్జిని గీకుతుంది. తీసిన తీగని పెద్ద చుట్టగా చుట్టి దారం కట్టి పక్కన పెట్టారు. తీగ లేని చోట పేరుకున్న దుమ్ము కనపడి, తుడవనా అని అడిగాను. తుడవమన్నారు, పొడి గుడ్డతోనే. నిమ్మ నూనె లాంటివి రాస్తారు కొందరు, తన చెక్కకి వద్దన్నారు.

కొత్త తీగ బ్రిడ్జిలోంచి ఎక్కించి, దాని కీ దాటి ఇంకో రెండు కీల దూరం దాకా చాపి, అక్కడ పట్టుకారుతో మూలమట్టంగా వంచారు. వంచిన తర్వాతే, ఆ వంపుకి అవతల కత్తిరించారు. ఈ వరస తప్పకూడదు. బేస్ తీగ అంటే లోపల ఒక ఉక్కు తీగ, దాని చుట్టూ ఇంకో తీగ చుట్టి ఉంటుంది. వంచకుండా కోస్తే పై చుట్టు లోపలి తీగ మీద జారిపోవచ్చు, అలా జారితే ఆ తీగ స్వరం సరిగ్గా పలకదు. 1,850 రూపాయల సెట్‌లో ఒక తీగ పోయిందంటే సెట్ పోయినట్టే, విడిగా ఒకటి దొరకడం కష్టం. చివరి G తీగకి ముందు కీలు ఉండవు కదా, దానికి జానెడు కంటే కాస్త తక్కువ వదలమన్నారు. అది కోసేటప్పుడు నా చేతులు చల్లబడిపోయాయి. ఆయన పక్కనే కూర్చుని "కొయ్యమ్మా, నేను చూస్తన్నాను కదా" అన్నారు.

కోసిన కొసని కీ మధ్య రంధ్రంలో దింపి, చుట్లు పైనుంచి కిందకి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా తిప్పాలి. రెండు మూడు చుట్లు చాలు. బ్రిడ్జి దగ్గర, నట్ దగ్గర తీగని బొటనవేలితో మెల్లగా నొక్కి కూర్చోబెట్టాలి. తర్వాత తీగని కాస్త పైకి లాగి వదిలి, మళ్లీ ట్యూన్ చేసి, మళ్లీ లాగాలి. ట్యూనింగ్ దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది. E తీగ స్వరం 41 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది, ఫోన్ ట్యూనర్ యాప్‌కి అంత కింది స్వరం సరిగ్గా అందలేదు, ముల్లు ఊగుతూనే ఉంది. 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కడ్డీ) మీద వేలు ఆనించి హార్మోనిక్ మీటితే, ఒక స్థాయి పైన, చక్కగా పట్టింది. చివరగా 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్, నొక్కి మీటిన స్వరం రెండూ ఒకటేనా అని నాలుగు తీగలకీ చూశారు. లావు మార్చలేదు కాబట్టి ఏదీ తిప్పాల్సిన పని పడలేదు. అన్నీ అయ్యేసరికి చీకటి పడింది. వాళ్లావిడ ఉప్మా పెట్టారు.

మొదటి రెండు రోజులు తీగలు శ్రుతి దిగుతూనే ఉన్నాయి, ప్రాక్టీస్‌లో ప్రతి పాటకీ ముందు చూసుకోవాల్సి వచ్చింది. ఇది మామూలే. అందుకే ప్రోగ్రాంకి ముందు రోజు తీగలు మార్చకూడదు, వారం ఉండాలి. సౌండ్ కూడా మొదట మరీ గణగణమంది, గిటార్ మీద టోన్ తగ్గించి వాయించాను. 10వ తేదీ ప్రాక్టీస్‌లో ఒకబ్బాయి తీగలు కాస్త ఎత్తుగా ఉన్నాయని ఎత్తు తగ్గించడానికి మరలు తిప్పే ఆలెన్ కీ తీసుకుని కూర్చున్నాడు, రెండు నిమిషాల పని అంటాడు. ఒద్దన్నాను. ఆ ఎత్తు మాస్టారి చేతికి అలవాటైన ఎత్తు.

అంతకంటే కష్టమైంది వేరే ఉంది. అనకాపల్లిలో ఇంకో సంఘం వాళ్ల సెమీ క్రిస్మస్‌కి ఒక్క సాయంత్రం గిటార్ ఇమ్మని కీబోర్డ్ అన్నయ్య అడిగాడు. చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి, మా ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశాడో. "నాది కాదు అన్నయ్యా, కావాలంటే మాస్టారి నంబర్ ఇస్తాను, ఆయన్ని అడుగు" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు, రెండు ప్రాక్టీసులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ మన చేతికిచ్చిన వస్తువుని ఇంకో చేతికి ఇచ్చే అధికారం మనకి లేదు, దేవుడి పని కోసమైనా సరే. క్రిస్మస్ రోజు తనే వచ్చి కేక్ పెట్టాడు, ఆ సంగతి అంతటితో పోయింది.

14న ఆ పాట బేస్‌తో మొదలైనప్పుడు ప్రతి నోటూ వెనక బెంచీ దాకా వినిపించిందట, డ్రమ్మర్ వాళ్లమ్మ చెప్పారు. 25న క్రిస్మస్, 31 రాత్రి కొత్త సంవత్సరానికి ముందు చేసే వాచ్ నైట్ ఆరాధన కూడా బాగా జరిగాయి.

జనవరి 4, ఆదివారం మధ్యాహ్నం తిరిగి ఇచ్చాను. ముందు రోజు గిటార్ అంతా పొడిగా తుడిచి, కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేసి, కేబుల్ చుట్టి బ్యాగ్ జేబులో పెట్టాను. డబ్బు తీసుకోరని తెలుసు కాబట్టి అమ్మ చేసిన కజ్జికాయలు, గులాబీ పువ్వులు డబ్బాలో పట్టుకెళ్లాను. నేనే ముందుగా నవంబర్ ఫోటోలు తీసి, గిటార్‌ని అదే కిటికీ దగ్గర పెట్టి, చూసుకోండి మాస్టారూ అన్నాను. స్ట్రాప్ గుండీ పక్కన ఒక నొక్కు కనపడి నా గుండె ఆగినంత పనైంది. ఫోటోలో చూస్తే అది ముందే ఉంది. ఆయన నవ్వి, అది ఏళ్ల క్రితం లారీ దిగేటప్పుడు తగిలిందన్నారు.

ఆయన వాయించి చూశారు. నెల రోజులు నా చేతి చెమటకి తీగలు అప్పటికే కాస్త మెత్తబడ్డాయి. "సంక్రాంతికి సరిపోతాయి" అన్నారు. పాత తీగలు దారం కట్టి బీరువాలో ఉన్నాయి, తెగితే అవసరపడతాయని ఉంచారు. ఒక చీటీ మీద తీగల అంకెలు, మార్చిన తేదీ రాసి బ్యాగ్ జేబులో పెట్టించారు, ఈసారి వెర్నియర్ అవసరం లేకుండా.

ఆటోలు, తీగలు, బ్యాటరీ, పిండివంటలు అన్నీ కలిపి నాకు మూడు వేలు దాటింది. షార్ట్ స్కేల్ ప్యాకెట్ డబ్బు కోసం మెయిల్ మీద మెయిల్ పెట్టాల్సి వచ్చింది, అది జనవరి 9న అకౌంట్‌లో పడింది.